జర్మనీ క్రిస్మస్ మార్కెట్ నుంచి అరకు సంత దాకా: పండగ ఖర్చు ఎవరి చేతికి వెళ్తుంది?

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది ఇంచుమించు ఇవే అడిగారు. "బ్రో, ఫారిన్‌లో ఉన్నప్పుడు పండగలు ఎలా చేసుకునేవాడివి? అక్కడ వీధి మార్కెట్లు ఎలా ఉంటాయి? అదంతా వదిలేసి ఇప్పుడు అరకులో కూర్చుని ఏం చేస్తున్నావ్?" మూడింటికీ కలిపి ఒకే ఎపిసోడ్ చేద్దామని కూర్చున్నా, ఎందుకంటే నాకు మూడూ ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. ముందే చెప్తున్నా, ఇది ట్రావెల్ వ్లాగ్ కాదు. ఇందులో కొంచెం లెక్కలున్నాయి, కొంచెం మా ఇంటి విషయం కూడా ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది శృంగవరపుకోట. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేముందు టీ తాగడానికి ఆగుతారు చూడండి, ఆ ఊరు. బీటెక్ అయ్యాక జర్మనీలో న్యూరెంబర్గ్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశా. ఇప్పుడు నెల లెక్కన అరకులో ఒక హోమ్‌స్టే గదిలో ఉంటూ వీడియోలు చేస్తున్నా.

జర్మనీ సంగతి త్వరగా చెప్పేస్తా. పరాయి దేశంలో పండగ అంటే ముందు క్యాలెండర్ సమస్య. సంక్రాంతి మంగళవారం వస్తే మంగళవారం చేసుకోం, శనివారం చేసుకుంటాం. హాల్ దొరకాలి, అందరికీ సెలవు ఉండాలి. భోగి మంట వేస్తే ఫైర్ ఇంజన్ వస్తుంది కాబట్టి టీవీలో మంట వీడియో పెట్టుకుని చుట్టూ నిలబడ్డాం. నవ్వకండి, చలిమంట కాచుకున్నట్టు చేతులు చాపినవాళ్లు కూడా ఉన్నారు. ముగ్గు చార్ట్ మీద, గొబ్బెమ్మ ప్లే డోతో. బాగానే ఉండేది. కానీ పండగకి ముందు బజారుకి వెళ్లే హడావుడి ఉండదు. ఇండియన్ స్టోర్‌లో బెల్లం, నువ్వులు ఏడాది పొడుగునా అదే షెల్ఫ్‌లో ఉంటాయి. పండగకని కొత్తగా వచ్చేదేమీ లేదు.

అది దొరికింది మాత్రం వాళ్ల పండగలో. న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్ చాలా పాతది, చాలా పేరున్నది. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు లెక్కపెడతారు కదా, ఆ మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం మొదలై డిసెంబర్ 24 దాకా నడుస్తుంది. ఊరి మధ్య చౌకులో ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన చెక్క కొట్లు, వేలంత సాసేజ్‌లు మూడు పెట్టిన బన్ను, మసాలా బిస్కెట్లు, వేడి వైన్. ఆ వైన్ కప్పుకి డిపాజిట్ కడతాం. కప్పు తిరిగి ఇస్తే డబ్బు తిరిగి ఇస్తారు, లేదంటే కప్పు మనదే. మా ఫ్లాట్‌లో అందరి వంటింట్లోనూ ఆ కప్పులే.

ఇంకొకటి. డ్రెస్డెన్‌లో ఇలాంటిదే ఒక మార్కెట్ 1434లో మొదలైంది. మొదట్లో అది ఒక్కరోజు మార్కెట్. క్రిస్మస్‌కి ముందు ఉపవాసాలుండేవి, పండగ రోజు తినడానికి మాంసం కావాలి, అది కొనుక్కోవడానికి పెట్టిన సంత. అంటే ఇప్పుడు లైట్లు, సెల్ఫీలు, వేడి వైన్ అని మనం చూసేదాని వెనక ఉన్నది మామూలు పండగ సంతే. ఇది తెలిసినప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఊరి పైన కొండల్లో జరిగే సంతలు. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూశానే గానీ అవి ఎలా పనిచేస్తాయో ఎప్పుడూ అడగలేదు. సో, ఇప్పుడు అడిగి తెలుసుకున్నదే ఈ ఎపిసోడ్.

ఒక్క మాట. అరకు మనకి విదేశమా అంటారేమో. చట్టం లెక్కలో కాదు. కానీ కింద నుంచి వెళ్లినవాడు అక్కడ పరాయివాడే. ఉదాహరణకి భాష. సంతలో ఎక్కువగా వినిపించేది తెలుగు కాదు, ఆదివాసీ ఒడియా. కొందులు తమలో తాము కువి మాట్లాడుకుంటారు, గదబలకి, పోర్జాలకి వేరే భాషలున్నాయి. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, ఇంతమంది ఒకే చోట బేరం ఆడాలంటే అందరికీ మధ్యలో ఒక భాష కావాలి. ఆ పని ఈ ఒడియా చేస్తుంది. ఆఫీసు, బడి, బస్సు దగ్గరికి వస్తే తెలుగు. అరవై ఏళ్ల పెద్దమ్మ ఒకే పది నిమిషాల్లో మూడు భాషలు మార్చడం చూశా. నేను మూడేళ్లలో జర్మన్ భాషలో బి1 దాటలేదు.

రెండోది భూమి. ఇది షెడ్యూల్డ్ ఏరియా. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ, అదే మనం 1/70 అంటామే, దాని ప్రకారం గిరిజనేతరుడు ఇక్కడ భూమి కొనలేడు. ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనలేడు. "అరకులో ప్లాట్ దొరుకుతుందా బ్రో" అని మెసేజ్‌లు పెడుతున్నవాళ్లు వింటున్నారా? దొరకదు. ఎవడైనా ఇప్పిస్తానంటే ఫోన్ పెట్టేయండి. జర్మనీలో నేను వీసా మీద ఉన్నా. ఇక్కడ వీసా అక్కర్లేదు, అతిథిగా ఉంటున్నానన్న తెలివి ఉంటే చాలు.

సరే, సంత. ఈ కొండల్లో వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరిది. పాడేరు, హుకుంపేట, సుంకరమెట్ట, కాశీపట్నం, ముంచింగిపుట్టు ఇలా. సరిహద్దు దాటితే ఒడిశాలో ఒనుకుడెల్లిలో గురువారం సంత, బోండాలు దిగి వస్తారు కాబట్టి విదేశీ టూరిస్టులకి కూడా ఆ పేరు తెలుసు. వ్యాపారులు వ్యాన్‌లో సరుకు వేసుకుని ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ తిరుగుతూనే ఉంటారు. కొండ మీది ఊరివాళ్లకి మాత్రం తమ సంత ఒకటే. తెల్లవారుజామునే బయల్దేరతారు. ఇప్పుడు ఆటోలు, జీపులు వచ్చాయి గానీ రోడ్డు లేని ఊళ్ల నుంచి ఇంకా నడకే, తల మీద మూట లేదా భుజం మీద కావిడి.

ఇక్కడే జర్మనీ మార్కెట్‌కీ దీనికీ అసలు తేడా ఉంది. అక్కడ కొట్టు పెట్టినవాడు అమ్ముతాడు, మనం కొంటాం, అంతే. ఇక్కడ ఉదయం అమ్మినవాళ్లే మధ్యాహ్నం కొంటారు. సంతకి వచ్చేటప్పుడు చేతిలో డబ్బు ఉండదు, సరుకు ఉంటుంది. పసుపు, అల్లం, రాజ్‌మా, పిప్పళ్లు, మిరియాలు, చింతపండు, కరక్కాయ, అడ్డాకులు, కొండచీపుర్లు, తేనె, నాటుకోళ్లు, కాలాన్ని బట్టి పనస, సీతాఫలం, అనాస. ముందు అది అమ్మాలి. వచ్చిన డబ్బుతో ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, బట్టలు, సబ్బులు, గాజులు, సెల్‌ఫోన్ రీఛార్జ్, ఇంకా ఎండుచేపలు. సంతలో ఎండుచేపల వరస ఎటు ఉందో ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కే తీసుకెళ్తుంది. భీమిలి, విశాఖ వైపు సముద్రం నుంచి నెత్తళ్లు, కవ్వళ్లు ఘాట్ ఎక్కుతాయి. కొండ మీద వానాకాలం అంతా అంబలిలోకి అదే నంజు.

అంటే ఒకే రోజులో ఒకే మనిషి రెండుసార్లు బేరం ఆడతాడు. ఒకసారి అమ్మేవాడిగా, ఒకసారి కొనేవాడిగా. రెండుసార్లూ ఎదుటి మనిషి కింద నుంచి వచ్చిన వ్యాపారే. సంత గురించి ఇది అర్థం కాకపోతే మిగతాది ఏదీ అర్థం కాదు.

ఇప్పుడు మా ఇంటి విషయం. మా తాత ఆ కింద నుంచి వచ్చిన వ్యాపారుల్లో ఒకడు. ఉప్పు, ఎండుచేపలు పైకి తీసుకెళ్లి, చింతపండు, రాగులు, పసుపు కిందికి తెచ్చేవాడు. మా ఇంట్లో అటక మీద ఆయన ఇత్తడి అడ్డ ఇంకా ఉంది. ఈ తరం వాళ్లకి కొలతలు తెలియవు కాబట్టి చెప్తున్నా. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఊరు మారితే సైజు కొంచెం మారుతుంది గానీ వరస ఇదే. జాగ్రత్తగా చూడండి, ఇది బరువు కాదు, ఘనపరిమాణం. గిన్నె నిండిందా లేదా అన్నదే లెక్క.

మా మామ్మని అడిగా, "మామ్మా, తాత ఎలా కొలిచేవాడు?" అని. మామ్మకి ఎనభై దాటాయి, దాచుకునేదేమీ లేదు. "ఏటుందిరా, కొన్నప్పుడు గోపురం, అమ్మినప్పుడు సదును. అందరూ అలాగే సేసీవోరు" అంది. అంటే కొండవాళ్ల దగ్గర రాగులు కొనేటప్పుడు అడ్డ పైన గుట్టగా గోపురంలా పోయించుకోవాలి. అదే అడ్డతో ఉప్పు అమ్మేటప్పుడు పైన చేత్తో సమానంగా తీసేయాలి. రెండిటికీ పేరు "అడ్డెడు" అనే.

నాలో బీటెక్ లేచాడు. ఆ గోపురం విలువ ఎంత? అడ్డ దింపి కొలిచా. వ్యాసం 16 సెంటీమీటర్లు, లోతు 14. లోపల దాదాపు 2.8 లీటర్లు పడుతుంది. గింజలు గుట్టగా పోస్తే ఒక కోణంలో నిలబడతాయి, గింజని బట్టి దాదాపు 25 నుంచి 30 డిగ్రీలు. 27 అనుకుందాం. పైన శంఖువు ఎత్తు 4 సెంటీమీటర్లు, దాని పరిమాణం దాదాపు 275 మిల్లీలీటర్లు. అంటే పది శాతం. కొనే ప్రతి పది అడ్డలకి ఒక అడ్డ ఊరికే వస్తుంది. రేటు గురించి బేరం ఆడక్కర్లేదు, అబద్ధం చెప్పక్కర్లేదు. గిన్నె ఆకారమే పని చేసిపెడుతుంది.

ఇంకా ఉంది. గిన్నె వెడల్పు పెంచి లోతు తగ్గిస్తే? వ్యాసం 24, లోతు 10 పెట్టి చూడండి. గోపురం వాటా ఇరవై శాతానికి వెళ్తుంది. ఫార్ములా కావాలంటే వ్యాసార్ధాన్ని ఆ కోణం టాంజెంట్‌తో గుణించి, లోతుకి మూడు రెట్లతో భాగించండి. కాబట్టి ఎప్పుడైనా పాత కొలపాత్ర చూస్తే ఎంత పడుతుందని కాదు, ఎంత వెడల్పుందని చూడండి.

ఈ ఎపిసోడ్‌లో ఇది చెప్పడం మా నాన్నకి ఇష్టం లేదు. "తాత పోయి ఇరవై ఏళ్లయింది, నలుగురిలో పెట్టడం దేనికి? ఆ డబ్బుతోనే కదా నన్ను చదివించింది, నేను నిన్ను చదివించింది" అన్నారు. ఆయన మాట తప్పు కాదు. నాన్న ఆ మాట అన్నాకే నేను తప్పకుండా చెప్పాలనుకున్నా. నా బీటెక్ ఫీజులో, న్యూరెంబర్గ్ టికెట్‌లో ఆ పది శాతం ఎక్కడో ఉంది. తాత దుర్మార్గుడు కాదు. వానలో ఘాట్ ఎక్కాడు, జ్వరాలు పడ్డాడు, అప్పు కూడా ఇచ్చాడు. సంతలో అందరూ అదే కొలత కొలిచినప్పుడు అది మోసం అని ఎవరికీ అనిపించదు. దానికి మర్యాద అని పేరు పెడతారు. కొసరు అంటారు.

ప్రభుత్వానికి ఇది తెలియదా అంటే తెలుసు. గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అని పిలిచేది, 1956లో విశాఖ కేంద్రంగా పెట్టింది ఇందుకే. అటవీ ఉత్పత్తులు తూకం వేసి ప్రకటించిన ధరకి కొనాలి, ఉప్పు పప్పు లాంటివి డిపోల్లో న్యాయమైన ధరకి అమ్మాలి. అంటే సంతలో జరిగే రెండు బేరాలకీ రెండు వైపులా ఒక కాపలా. సరిగ్గా అదే 1956లో దేశమంతా మెట్రిక్ కొలతలకి మారడానికి తూనికలు కొలతల చట్టం వచ్చింది. కుంచం పోయి కిలో వచ్చింది. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం మీద కూడా రెగ్యులేషన్ వచ్చింది. విశాఖలో జీసీసీ షాపులో తేనె, సబ్బులు, నన్నారి షర్బత్ కొంటాం కదా, దాని వెనక కథ ఇది.

మరి గోపురం పోయిందా? సంతలో ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలే. కానీ గోపురం వేరే రూపాల్లోకి మారింది. ఒకటి తరుగు. "తడి ఉంది, మట్టి ఉంది" అని బస్తాకి ఇన్ని కిలోలు కొట్టేయడం. ఎంత తడి ఉందో కొలిచే మిషన్ ఎవరి దగ్గరా ఉండదు, నోటిమాటే మిషన్. రెండోది దారికాయడం. సంతలోకి రాకముందే, ఊరి చివర మలుపు దగ్గర చిన్న వ్యాపారులు నిలబడి మూటలు దింపించేస్తారు. సంతలో పదిమంది కొనేవాళ్లు ఉంటే రేటు తెలుస్తుంది, దారిలో ఒక్కడే ఉంటాడు. తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి నడిచి వచ్చి, బరువు దింపితే చాలనిపించే చోట నిలబడటం ఎంత తెలివో చూడండి. మూడోది ముందస్తు. పంట రాకముందే సరుకు అప్పు ఇచ్చి, పంట వచ్చాక తమకే అమ్మాలని మాట తీసుకోవడం.

ఇప్పుడు పండగ ఎక్కడ వస్తుందంటే, సరిగ్గా ఇక్కడే.

కొండల్లో పండగలు పంటతో నడుస్తాయి. మనకి సంక్రాంతికి ఒకసారి కొత్త బియ్యం. వాళ్లకి ప్రతి పంటకీ ఒక కొత్త ఉంటుంది. కొర్రకొత్త, కందికొత్త, చిక్కుడు కొత్త, మామిడికి టెంకల పండగ. ఊళ్లో కొత్త చేసి దేవుడికి పెట్టేదాకా ఆ పంట ఎవరూ నోట పెట్టరు. చెట్టు నిండా కాయలున్నా సరే. ఊరి పూజారి, పెద్దలు కూర్చుని రోజు పెడతారు. మా హోమ్‌స్టే అన్న మాటల్లో, "ఒకడు ముందు తినేసి ఇంకొకడు తరవాత తినడం కాదు, అందరం ఒకే రోజు తినాల."

నేనైతే దీన్ని ఇంజనీరు బుద్ధితో కూడా చూశా. కాయ ముదరకముందే కోసేయకుండా ఊరంతటికీ ఒక తాళం అన్నమాట. అందుకే పుట్టిందని నేను చెప్పను, నమ్మకం నమ్మకమే. కానీ పని మాత్రం అలా చేస్తుంది.

ఇప్పుడు డబ్బు వైపు చూడండి. కొత్త రావాలంటే కొత్త పంట రావాలి. దానికి ముందు నెలలే కష్టం. ఆషాఢం, శ్రావణం, వాన ఆగదు, పాత గింజ అయిపోతుంది, కొర్రలు ఇంకా కోతకి రావు. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకునే కాలం అది. పండగకి కోడి కావాలి, పిల్లలకి బట్టలు కావాలి, చుట్టాలు వస్తారు. చేతిలో డబ్బు లేదు. వ్యాపారికి ఈ క్యాలెండర్ మన పంచాంగం కన్నా బాగా తెలుసు. పండగ ముందు సంతకి బట్టలు, గాజులు అప్పు మీద ఇస్తాడు. ఆ అప్పుకి జమ ఏంటి? రాబోయే కాఫీ, రాబోయే పసుపు. పండగ ముందు సంతలో కొనేవాళ్లు ఎక్కువ, కాబట్టి బట్టల రేటు పైన ఉంటుంది. అందరూ ఒకేసారి అమ్ముకోవాలి, కాబట్టి కోడి తప్ప మిగతా సరుకు రేటు కింద ఉంటుంది. రెండు వైపులా నలిగేది ఒకే మనిషి. న్యూరెంబర్గ్‌లో పండగ ముందు ధర పెరిగితే నేను ఇంకో వైన్ తాగడం మానేసేవాడిని, అంతటితో అయిపోయేది.

కొర్రకొత్తకి ముందు సంతలో ఒక పెద్దమ్మ కోడిపుంజుని పట్టుకుని కూర్చుంది. మంచి రేటు వచ్చినా అమ్మట్లేదు. ఎందుకమ్మా అని అడిగితే, "ఇది దేవుడిది బాబూ. రేటు చూసుకోడానికి తెచ్చినాను" అంది. అంటే ఆవిడ మార్కెట్ రీసెర్చ్ చేస్తోంది. పక్క బుట్టలో ఇంకో రెండు కోళ్లున్నాయి, అవి అమ్మింది, ఆ పుంజు చూపించి రేటు పెంచి మరీ.

ఇక టూరిస్టులు ఎక్కువ తిట్టుకునే పండగ ఒకటుంది. చైత్రమాసంలో, మార్చి ఏప్రిల్‌లో వచ్చే ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి వెళ్తారు, విత్తనాలకి పూజ జరుగుతుంది, రాత్రంతా థింసా. ఆ రోజుల్లో ఆడవాళ్లు, పిల్లలు రోడ్డుకి అడ్డంగా కర్ర కట్టి వచ్చేపోయే బండ్లని ఆపుతారు. పాట పాడి, ఆడి, పజోరు అడుగుతారు. పజోరు అంటే పండగ మామూలు అనుకోండి. దీని మీద ప్రతి ఏడాదీ రీల్స్ వస్తాయి, "అరకు రోడ్డు మీద వసూళ్లు" అని. నేనేమంటానంటే, చేతిలో పది ఇరవై నోట్లు ఉంచుకుని వెళ్లండి. గేటుకి ఒకటి ఇవ్వండి, కిందికి దిగి రెండు అడుగులు వేయండి, నవ్వుతారు, కర్ర ఎత్తుతారు. మన దగ్గర దసరా మామూళ్లు, హరిదాసుకి బియ్యం, గంగిరెద్దుకి పాత చీర ఇస్తాం కదా. అర్జంటుగా ఆసుపత్రికి వెళ్తున్న బండి అయితే చెప్పండి, వదిలేస్తారు. తాగి ఉన్న కుర్రాళ్లు వందలు అడిగే గేట్లు కూడా ఉంటాయి, అది నిజం. ఊరి పెద్దలకే అది నచ్చదు.

అన్నట్టు, కొండల్లో క్రిస్మస్ కూడా పెద్ద పండగే. చాలా ఊళ్లలో డిసెంబర్‌లో వెదురు కర్ర మీద కాగితం నక్షత్రం వేలాడుతుంది. అప్పుడు సంతలో మెరుపు కాగితాలు, కేక్ డబ్బాలు దిగుతాయి. అదే సమయానికి వలిసె పూలు కొండ వాలంతా పచ్చగా ఉంటాయి, కాఫీ పళ్లు ఎర్రబడి కోతలు నడుస్తుంటాయి. ఇక్కడి క్రిస్మస్ సంతలో వేడి వైన్ ఉండదు, జీలుగు కల్లు ఉంటుంది. నేను ఎక్కువ చెప్పను, మామ్మ చూస్తుంది.

కాఫీ మాట వచ్చింది కాబట్టి దాని ప్రయాణం కూడా చెప్పాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే 2017లో పారిస్‌లో అరకు కాఫీ పేరుతో షాపు తెరిచారు. అంటే నేను జర్మనీలో ఉద్యోగానికి వెళ్లేముందే మా ఊరి పైన పండిన గింజ ఫ్రాన్స్ వెళ్లి సెటిల్ అయిపోయింది. ఇక్కడ కూడా గిన్నె వెడల్పు చూడండి. చెట్టు మీద ఎర్ర పండు ఆరు కిలోలు కోస్తే, తోలు తీసి, కడిగి, ఎండబెట్టి, దంచితే మిగిలే శుభ్రమైన గింజ దాదాపు కిలో. వేయిస్తే ఇంకా తగ్గుతుంది. పండుగానే అమ్మేస్తే చేతికి వెంటనే డబ్బు, శ్రమ తక్కువ. కడిగి ఎండబెట్టి అమ్మితే కిలోకి ఎక్కువ వస్తుంది, కానీ పది పదిహేను రోజులు ఆగాలి. పండగ వారంలో ఉంటే ఆగలేరు. జీసీసీ, రైతుల సహకార సంఘాలు పండుని నేరుగా తోట దగ్గరే కొని వెంటనే డబ్బు వేస్తే ఎంత తేడా వస్తుందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. రేటు ఎంత అనేదానితో పాటు డబ్బు ఎప్పుడు వస్తుందనేది కూడా రేటే.

సరే, మీరు సంతకి వెళ్తే ఏం చేయాలి? ఉదయం తొమ్మిది లోపు చేరండి, పదకొండు దాటితే మంచి సరుకు వ్యాన్‌లోకి వెళ్లిపోతుంది. విశాఖ నుంచి కిరండూల్ రైలు అందమే గానీ సంతకి పనికిరాదు, అది అరకు చేరేసరికి పొద్దెక్కుతుంది. ముందురోజే వచ్చి ఉండండి. చిల్లర తీసుకెళ్లండి, ఫోన్‌పే ఉంది గానీ సిగ్నల్ ఉండాలి కదా. గుడ్డ సంచి పట్టుకెళ్లండి. రాజ్‌మా, పసుపు కొమ్ములు, మిరియాలు కొనండి, కొండచీపురు కొనండి, అది ఏడాది వస్తుంది. తేనె మాత్రం సంతలో సీసాల్లో కనిపించినదల్లా కొనకండి, జీసీసీ షాపులో తీసుకోండి.

నేలమీద చిన్న గుట్ట పెట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర బేరం వద్దు. గుట్ట ఇరవై అంటే ఇరవై. బేరం ఆడాలని అంత సరదాగా ఉంటే బట్టల కొట్లో ఆడండి, అక్కడ వాళ్లు కూడా ఎంజాయ్ చేస్తారు.

ఫొటోల గురించి. ఒనుకుడెల్లిలో బోండా ఆడవాళ్ల మెడలో పూసలు చూసి లెన్స్ ముఖం మీదికి తోసినవాళ్లని చూశా. క్రిస్మస్ మార్కెట్‌లో ఒక జర్మన్ బామ్మ ముఖం మీద కెమెరా అలా పెట్టి చూడండి, పోలీసుని పిలుస్తుంది. అడగండి, తల అడ్డంగా ఊపితే వదిలేయండి. నన్ను ఒకావిడ చక్కగా అడిగింది, "ఫొటో తీస్తే తీసినావు గానీ, అల్లం కొనవా బాబూ?" అని. రెండు కిలోలు కొన్నా. హోమ్‌స్టేలో వారం అంతా అల్లం టీ, అల్లం పచ్చడి, అల్లం పులుసు.

చివరగా ఒక లెక్క మీకే వదిలేస్తున్నా. మీ ఇంట్లో, మీ తాతల ఇంట్లో పాత తవ్వ, మానిక, కుంచం ఏదున్నా సరే, వ్యాసం, లోతు స్కేలుతో కొలిచి, ఊరి పేరుతో కామెంట్‌లో రాయండి. ఎవరిది, ఏ వ్యాపారం అని చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి భద్రాచలం దాకా ఎక్కడ గిన్నెలు వెడల్పుగా ఉన్నాయో ఒక మ్యాప్ వేద్దాం. కనీసం యాభై వస్తే ఆ ఎపిసోడ్ చేస్తా. దానికంటే ముందు మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర ఉంది, మూడు రోజులూ అక్కడే ఉంటా. ఏం చూపించాలో చెప్పండి. ఉంటాను మరి.